శీతోష్ణస్థితి నమూనాలో నేలను లెక్కలోకి తేవడం ఎలా

శీతోష్ణస్థితి నమూనా అంటే వాతావరణాన్ని గణిత సూత్రాలతో లెక్కకట్టే కంప్యూటరు ప్రోగ్రాం. అందులో నేల కోసం ముందుగా శక్తి పద్దు రాసుకోవాలి. నేలకు దక్కిన నికర వికిరణం (వచ్చిన వెలుగు, వేడిలో నుంచి తిరిగి పోయినది తీసేయగా మిగిలేది) గాలిని వేడెక్కించడానికి ఎంత, నీటిని ఆవిరి చేయడానికి ఎంత, నేల లోపలికి ఎంత పోతుందో లెక్కకట్టి, ప్రతి అంచెలోనూ, అంటే దాదాపు అరగంటకొకసారి, జమాఖర్చులు సరిపోవాలి.

నీటి విషయంలో, 1969లో వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబే నేలను 15 సెంటీమీటర్ల నీరు పట్టే బకెట్‌గా భావించారు. నిండితే పొర్లుతుంది, ముప్పాతికకు దిగువకు తగ్గితే ఆవిరి మందగిస్తుంది. అభ్యాసానికి నేటికీ ఇదే మంచి తొలిమెట్టని నా అభిప్రాయం. అయితే ఇందులో మొక్క లేదు. పత్రరంధ్రాలు మూసుకుంటే ఆవిరి తగ్గి, గాలి వేడెక్కుతుందన్న సంగతి దీనికి తెలియదు. కనుక పైన పలుచగా, కింద మందంగా ఉండే నేల పొరలను, వాటిలో వేళ్ల విస్తరణను చేర్చాలి.

నమూనా భూమిని గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది; అసలు చిక్కు ఆ గడి పరిమాణంలో ఉంది. కృష్ణా డెల్టా మీద పడిన 100 కిలోమీటర్ల గడిలో వరి మడి, రొయ్యల చెరువు, విజయవాడ కాంక్రీటు అన్నీ ఉంటాయి. వాటి గుణాలను సగటు చేస్తే ఎక్కడా లేని నేల తయారవుతుంది. అందుకే ఒక్కొక్క ముక్కకు విడిగా లెక్కకట్టి, వచ్చిన ప్రవాహాలను (నేల నుంచి గాలిలోకి పోయే వేడి, ఆవిరి) విస్తీర్ణాన్ని బట్టి కలపాలి. కాలువ నీటిని మరిచి వానను మాత్రమే ఇస్తే, నాట్లు వేసిన మడి సైతం నమూనాలో ఎండిపోతుంది.

చివరగా, లోతు పొరల తేమ నిలకడకు వచ్చేదాకా అవే సంవత్సరాల వాతావరణాన్ని మళ్లీ మళ్లీ ఇచ్చి నడిపించి, ఆపైనే ప్రవాహ గోపురాల (ఆ వేడిని, ఆవిరిని అక్కడికక్కడే కొలిచే పరికరాల స్తంభాల) కొలతలతో పోల్చాలి. ఆ కొలతల్లోనూ శక్తి పద్దు తరచూ పూర్తిగా సరిపోదు.