పెద్ద పికప్ ఇచ్చి చిన్న బండి తీసుకునే ముందు జాగ్రత్తలు

ముందు లోడు లెక్క చూడండి. టన్నున్నర మోసే బండి నుంచి 750 కిలోల బండికి దిగితే, 25 కిలోల టమాటా క్రేట్లు 60 పోయే చోట 30కి మించవు. క్రేటు బరువు కూడా కలిపితే ఇంకా తక్కువే. మామిడి సీజన్‌లో రెండో ట్రిప్పు డీజిల్ ఖర్చు కలిపాకే లాభం చూసుకోండి.

ఖాళీ బండి నడిపి చూస్తే ఏమీ తెలియదు. లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కించండి: రెండో గేరులో లాగుతోందా, క్లచ్ వాసన వస్తోందా? దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడితే ఆ బండి వద్దు.

మీరు ఇచ్చేసే పాత బండి కాగితాలే అసలు తలనొప్పి. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి అప్పు కింద తాకట్టులో ఉందన్న నమోదు) అలాగే ఉంటుంది. ఫారం 35తో తీయించండి. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి ఇవ్వొద్దు. ఆర్‌సీలో మీ పేరున్నంత కాలం ప్రమాదం జరిగితే పరిహారం కేసు మీ మెడకే. కొనేవాళ్లది వేలూరో కోలారో, అంటే వేరే రాష్ట్రం అయితే ఫారం 28తో ఎన్‌ఓసీ (ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) కావాలి.

నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండిది కాదు, మీది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి దాని లెటర్ తీసుకోండి. పాత బండి ఫాస్టాగ్ మూసేయండి.