ఆన్ ఆర్బర్‌లో మొదటి సెమిస్టర్: పరీక్ష హాలు, శనివారం ఆట

ఆగస్టు చివర్లో ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీకి ఎంఎస్ చదవడానికి వస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు. అద్దె ఇల్లు, కిరాణా, చలికోటు సంగతి సీనియర్లు ఎలాగూ చెబుతారు.

ముందు పరీక్షల గురించి. నేను చేరినప్పుడు ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో పరీక్షకు ఇన్విజిలేటర్ ఉండేవారు కాదు. ప్రశ్నపత్రాలు పంచి ప్రొఫెసర్ బయటికి వెళ్లిపోయేవారు. వందేళ్లు దాటిన ఆనర్ కోడ్, అంటే నిజాయతీ నియమావళి ఇది. సాయం తీసుకోలేదనీ, ఎవరికీ చేయలేదనీ మనమే రాసి సంతకం పెట్టాలి. ఫ్లయింగ్ స్క్వాడ్ పేరు వింటేనే వణుకుతూ ఇంటర్ రాసిన నాకు, మొదటిసారి ఆ గదిలో కూర్చున్నప్పుడు ఒళ్లు జలదరించింది. ఇంత నమ్మకం నా మీద అంతకుముందు ఎవరూ పెట్టలేదు. దాన్ని దయచేసి పోగొట్టుకోకండి.

అసలు చిక్కు హోంవర్క్ దగ్గరే వస్తుంది. ‘అన్నా, నీ కోడ్ ఒకసారి పంపు’ అని అడగడం మనకు మామూలే. ఇక్కడ ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ దొరుకుతారు. కలిసి ఎంతవరకు చేయవచ్చో ప్రతి కోర్సు సిలబస్‌లో ఉంటుంది, మొదటి రోజే చదవండి. జీపీఏ 3.0 కన్నా తగ్గితే ప్రొబేషన్ టెన్షన్. అర్థం కాకపోతే మొహమాటపడకుండా ఆఫీస్ అవర్స్‌కి, అంటే సందేహాలు తీర్చడానికి కేటాయించిన వేళల్లో, వెళ్లండి.

నార్త్ క్యాంపస్ నుంచి సెంట్రల్ క్యాంపస్‌కి బస్సు ఉచితం. క్లాసుల మధ్య దొరికే పది నిమిషాలు ఆ ప్రయాణానికి చాలవు, టైమ్‌టేబుల్ వేసుకునేటప్పుడే చూసుకోండి.

ఇక శనివారం. ఇక్కడి ఫుట్‌బాల్ మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. ఈ ఒక్కటి తెలిస్తే మిగతాది చూస్తూ నేర్చుకోవచ్చు. 1927లో కట్టిన స్టేడియంలో 1,07,601 మంది పడతారు, అమెరికాలో ఇంతకన్నా పెద్దది లేదు. మ్యాచ్ రోజు రోడ్లు మూసేస్తారు, బస్సులు దారి మారతాయి. దగ్గర్లోని నోవై ఊళ్లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలనుకుంటే ఆదివారం పెట్టుకోండి.

చదువుకోవడానికి వచ్చాం, ఆటలెందుకు అని నేనూ మొదట అనుకున్నాను. కానీ ల్యాబ్‌లో ముభావంగా ఉండే అబ్బాయి పక్కనే స్టేడియంలో నిలబడి ‘గో బ్లూ’ అని మన జట్టు నినాదం అరిచాక, సోమవారం తనే వచ్చి పలకరించాడు. ఒక్క మ్యాచ్‌కైనా వెళ్లండి. నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం మన ప్రత్యర్థి ఒహాయో స్టేట్ యూనివర్సిటీతో ఆడతారు, బేసి సంవత్సరాల్లో అది ఇక్కడే. ఆ రోజు ఎరుపు వేసుకోవద్దు, అది వాళ్ల రంగు. మనది నీలం, మొక్కజొన్న పసుపు. విద్యార్థుల వైపు ఆట అయ్యేదాకా నిలబడే చూస్తారు, మందపాటి సాక్సులు వేసుకుని వెళ్లండి.