స్పిట్‌ఫైర్ వెనక సీటు ఎక్కే ముందు

ఇంగ్లండ్‌లో వేసవి వస్తే ఎయిర్‌షోల సీజనే. డక్స్‌ఫర్డ్, బిగ్గిన్ హిల్, గుడ్‌వుడ్ లాంటి చోట్ల డబ్బు కడితే రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానంలో వెనక కూర్చోబెట్టి తిప్పుతారు. అక్కడున్న మనవాళ్లు ఎవరైనా పుట్టినరోజుకని బుక్ చేసుకుంటే వద్దనను. హైదరాబాద్‌కీ ఈ విమానానికీ పాత చుట్టరికమే ఉంది. నిజాం విరాళంతో ఆ పేరు పెట్టుకున్న 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అనే బ్రిటిష్ వైమానిక దళం 1940లో స్పిట్‌ఫైర్లతోనే జర్మన్లతో తలపడింది. దాని చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. అయితే స్పిట్‌ఫైర్‌కి ఉన్నది ఒక్కటే ఇంజిన్, అది ఆగితే ఏం చేస్తారో తెలుసుకునే ఎక్కండి.

ముందు ఒక కాగితం మీద సంతకం చేయించుకుంటారు. ప్రయాణికుల విమానాలకుండే భద్రతా ప్రమాణాలు దీనికి లేవని తెలిసే ఎక్కుతున్నానని దాని సారాంశం. ఫొటోల హడావుడిలో చదవకుండా గీకేయకండి.

తర్వాత పైలట్‌ని ఒక్క మాట అడగండి: టేకాఫ్ అవుతుండగా ఇంజిన్ పోతే ఎక్కడ దింపుతారు? మంచి పైలట్ ఏమీ అనుకోడు, ఎదురుగా ఉన్న పొలం వైపు చెయ్యి చూపిస్తాడు. వెనక్కి తిప్పి రన్‌వే మీదే దింపొచ్చుగా అని మనకనిపిస్తుంది. తక్కువ ఎత్తులో అంతకన్నా ప్రమాదకరమైన పని లేదు. మలుపులో ఎత్తూ పోతుంది, వేగమూ పోతుంది. వేగం మరీ పడిపోతే రెక్క నిలబెట్టలేదు, విమానం ఒక పక్కకి ఒరిగి నేలకి కొడుతుంది. అందుకే ముక్కు దించి, వేగం కాపాడుకుంటూ దాదాపు ఎదురుగానే దిగాలి.

పూర్తిగా ఆగిన ఇంజిన్ కన్నా సగం సగం లాగే ఇంజిన్‌తోనే ఎక్కువ టెన్షన్ అని నా అభిప్రాయం. ఆగిపోతే ఆశ ఉండదు, నిర్ణయం తేలిక. దగ్గుతూ లాగుతుంటే మాత్రం ఇంకొంచెం, ఇంకొంచెం అని రన్‌వే వైపు ఈడుస్తుంది. 2017 జులైలో డక్స్‌ఫర్డ్‌లో ‘మిస్ వెల్మా’ అనే పీ-51 ముస్టాంగ్ (అదీ ఆ కాలపు ఒంటి ఇంజిన్ యుద్ధవిమానమే)కి ఇంజిన్ మొరాయించింది. రన్‌వే అందదని తేల్చుకుని పైలట్ పంట పొలంలో చక్రాలు దించకుండా పొట్ట మీద దింపేశాడు. విమానం దెబ్బతింది, ఆయనకేమీ కాలేదు. మిలియన్ల పౌండ్ల విమానమని మొహమాటపడేవాడి వెనక కూర్చోవద్దు.

చక్రాలు ఎందుకు దించరంటే, మెత్తటి నేలలో అవి దిగబడితే విమానం ముందుకు పల్టీ కొట్టి తలకిందులవుతుంది, లోపలివాళ్లు ఇరుక్కుపోతారు. పొట్ట మీద జారితే ప్రొపెల్లర్, రేడియేటర్లు పోతాయంతే. పైగా స్పిట్‌ఫైర్‌లో అత్యవసరంగా చక్రాలు దించే కార్బన్ డయాక్సైడ్ సీసా ఒక్కసారికే. అది వాడాక గాల్లో మనసు మార్చుకుని మళ్లీ పైకి లాగలేరు. రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు, అంటే ఫ్లాప్‌లూ అంతే: అయితే పైన, లేకపోతే పూర్తిగా కింద. తొందరపడి దించితే విమానం ఒక్కసారిగా దిగజారి, అందాల్సిన పొలం అందదు. ఇక ప్రొపెల్లర్. దిగుడులో ఫస్ట్ గేర్‌లో ఉన్న బండిలాగా అది వెనక్కి పట్టేస్తుంది కాబట్టి పైలట్ దాని రెక్కల కోణం మార్చే లివర్ వెనక్కి లాగుతాడు. ఆయిల్ ప్రెషర్ ఉన్నంతసేపే అది మాట వింటుంది.

వెనక సీట్లో మీ పని తక్కువే, కానీ నేల మీదే నేర్చుకోవాలి. మీ ఒంటి మీద రెండు రకాల పట్టీలుంటాయి: సీటువి, పారాచూట్‌వి. గాల్లోంచి దూకమంటే సీటు పట్టీలే విప్పాలి. కంగారులో రెండో బకిల్ కూడా లాగేస్తే పారాచూట్ మీతో రాదు. ఏది ఏదో కళ్లు మూసుకుని, గ్లవ్స్‌తో తడిమి చూపించమన్నా తడబడకూడదు. హెడ్‌సెట్ వైరు ఎక్కడ ఊడుతుందో చూసుకోండి. కనోపీ (తల మీది పారదర్శక మూత) మీ చేత్తో తెరిచి చూపించమని అడగండి. యుద్ధకాలపు సింగిల్ సీటు స్పిట్‌ఫైర్ తలుపు లోపలివైపు ఒక గడ్డపార బిగించి ఉండేది, కనోపీ పట్టేస్తే పగలగొట్టడానికి! దిగే ముందు తలుపుని సగం గడియలో పెడితే కనోపీ మళ్లీ జారి మూసుకోదు.

జేబుల్లో ఏమీ వద్దు. ఫోన్ జారి కంట్రోల్ కడ్డీల మధ్య ఇరుక్కుంటే ఇంజిన్ బాగున్నా ప్రమాదమే. ఆయిల్ వాసన మామూలే. తియ్యటి వాసనతో తెల్లటి పొగలాంటిది కనిపిస్తే మాత్రం కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతోందేమో, వెంటనే చెప్పండి. నేలకి తగిలే ముందు పట్టీలు బిగించి, తల వెనక్కి ఆనించి, కాళ్లూ చేతులూ కంట్రోల్స్‌కి దూరంగా పెట్టండి.

సముద్రం మీద లెక్క వేరు. రెక్కల కింద రేడియేటర్లు నీటిని పట్టేసి ముక్కు లోపలికి తిప్పేస్తాయి, కాబట్టి ఎత్తుంటే దూకడమే మేలు. తీరం దాటించే ట్రిప్ అయితే లైఫ్ జాకెట్ గురించి అడగండి.

పొలంలో ఆగాక విమానానికి దూరంగా, గాలి వచ్చే వైపు నడవండి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారితే మంటకి ఎంతోసేపు పట్టదు. ఇంకోటి, మీ ఇన్సూరెన్స్ పాలసీలో ఇలాంటి రైడ్ కవర్ అవుతుందో లేదో బుకింగ్‌కి ముందే రాతపూర్వకంగా అడగండి.