సొరాఫెనిబ్‌ను తట్టుకునే కాలేయ క్యాన్సర్ కణాలను ప్రయోగశాలలో పెంచే విధానం

కాలేయ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్, షార్ప్ అనే క్లినికల్ పరీక్షలో రోగుల మధ్యస్థ జీవితకాలాన్ని 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెంచింది. ఆపై కణాలు మందుకు లొంగకపోవడానికి కారణం తెలియాలంటే, అలాంటి కణాలను మనమే పెంచి చూడాలి.

హెచ్‌యూహెచ్-7 అనే కాలేయ క్యాన్సర్ కణాలు తీసుకుని, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకలేదని ముందే నిర్ధారించుకోవాలి. మందును డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి, కణాల ఎదుగుదలను సగానికి తగ్గించే మోతాదు కన్నా బాగా తక్కువతో మొదలుపెట్టాలి. బతికినవి తేరుకుని పాత్ర అడుగున మళ్లీ పరుచుకున్న తరువాతే మోతాదు కొద్దిగా పెంచాలి. ఇది నెలల తరబడి సాగే పని; తొందరపడితే ఊడి తేలే మృతకణాలే మిగులుతాయి. ప్రతి మెట్టులోనూ కొన్నింటిని ద్రవ నత్రజనిలో భద్రపరచాలి. మందు లేకుండా అంతే డీఎంఎస్‌ఓతో జోడు కణాలను పెంచడం తప్పనిసరి, ఎందుకంటే అవి లేకపోతే కనిపించిన మార్పు మందు వల్లనో, దీర్ఘకాలం పెంచడం వల్లనో తేల్చలేము.

చివర రెండు రకాల కణాల ఎదుగుదలను సగానికి తగ్గించే మోతాదులను పోల్చి, వెస్టర్న్ బ్లాట్‌ అనే ప్రొటీన్ పరీక్షలో ఫాస్ఫరిలేట్ అయిన (ఫాస్ఫేట్ చేరి చురుకైన) ఏకేటీ ప్రొటీన్‌ను చూడాలి. సొరాఫెనిబ్ కణాలను పెరగమని చెప్పే ర్యాఫ్ సంకేత దారిని మూసినప్పుడు కణాలు తరచుగా ఈజీఎఫ్ఆర్, పీఐ3కే–ఏకేటీ అనే మరో సంకేత దారిని ఆశ్రయిస్తాయి. చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది: కొన్ని వారాలు మందు ఆపి మళ్లీ కొలవాలి, నిరోధకత మాయమైతే అది తాత్కాలిక సర్దుబాటే.