కడప బండ మీద అండమాన్ నీళ్లు

సముద్రం అడుగును నీటిరంగుల్లో బొమ్మగా వేయాలని ఉంటే చేపలను తర్వాత చూద్దాం, ముందు నీళ్లలో వెలుగును చూడటం నేర్చుకోండి. దానికోసమే నేను కడప నుంచి అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు, అంటే పాత హేవలాక్‌కు వెళ్లాను.

చిన్నప్పుడు మా ఊరి బావిలో నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్నాను. స్నార్కెలింగ్‌కు, అంటే మాస్కు పెట్టుకుని గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్ల మీద తేలి అడుగును చూడటానికి, అది చాలలేదు. ముక్కు మూసేసి నోటితోనే ఊపిరి తీసుకోవాలంటే మొదట టెన్షన్ వచ్చింది. మీరు ఇంట్లోనే టబ్బు నీళ్లలో ముఖం పెట్టి రెండు రోజులు అలవాటు చేసుకోండి. మాస్కు కింద వెంట్రుకలు చిక్కుకుంటే నీళ్లు లోపలికి వస్తాయి. లైఫ్ జాకెట్ తీయొద్దు. "అక్కా, కాలు కింద పెట్టొద్దు, పగడాలకు ప్రాణం ఉంటుంది" అని మమ్మల్ని తీసుకెళ్లిన తెలుగబ్బాయి పదేపదే చెప్పాడు. అది మరవకండి.

మొదటి పది నిమిషాలు ఏ చేప వెంటా పోకండి. పైన అలలు కదిలేకొద్దీ అడుగున ఇసుక మీద ఎండ వల అల్లుతుంది, దాన్నే చూడండి. నీళ్లు అన్నిటికన్నా ముందు ఎరుపును మింగేస్తాయి. అందుకే దగ్గర మెరిసే నారింజ రంగు చేప లోతుకు పోతే మసకబారుతుంది. మాస్కులోంచి ప్రతిదీ మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి కొలతను పక్కనున్న పగడంతో పోల్చి గుర్తుపెట్టుకోండి.

ఒడ్డుకు రాగానే, తడి బట్టలు మార్చుకోకముందే, రంగులను మాటల్లో రాసేయండి. నా పుస్తకంలో ఇలా ఉంది: "ప్యారట్ ఫిష్: నెమలి మెడ, అంచున కనకాంబరం. పగడం: తడిపిన శనగపిండి." ఆ చేప పగడాన్ని గీకి కొరికే చప్పుడు శెనక్కాయలు ఒలిచినట్టు నీళ్లలో వినిపించింది. అది విన్నాకే దాని మూతిని గట్టి అంచుతో వేయగలిగాను.

మన ఎండలకు రంగు పాకేలోపే కాగితం ఆరిపోతుంది. 300 జీఎస్ఎం మందపాటి కాగితాన్ని రెండు వైపులా బాగా తడిపి, నున్నటి కడప బండ మీద గాలి బుడగలు లేకుండా పరచండి. కింది తడి చాలాసేపు నిలుస్తుంది. తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపి కూర్చోండి. దగ్గరి నీళ్లకు సెరూలియన్ అనే ఆకాశ నీలం, దూరానికి అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం. అది ఇంకా తడిగా ఉండగానే పిండిన బ్రష్‌తో వెలుగు వల గీతలు వచ్చేలా రంగును ఎత్తేయండి. దూరపు చేపలను ఆ తడిలోనే వదలండి, దగ్గరివి ఆరాక వేయండి.

ఎరుపు ఒక్క దగ్గరి చేపకే. నా మొదటి బొమ్మలో దూరపు వాటికీ పూశాను. నీళ్లు మాయమై, చేపలు గాల్లో వేలాడుతున్నట్టు వచ్చింది.