డౌన్‌టౌన్ ప్లాన్ చూపిస్తే ముందు నీడ వెతకండి

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ లాంటి ఎడారి నగరంలో డౌన్‌టౌన్‌ని, అంటే ఊరి నడిబొడ్డుని, తిరిగి కడతామన్నప్పుడల్లా మెరిసిపోయే టవర్ల బొమ్మలు బయటికొస్తాయి. ఆ బొమ్మల్లో చెట్లు ఏపుగా ఉంటాయి, ఎండ మాత్రం ఉండదు. వాటిని పక్కన పెట్టేసి, ప్లాన్‌లో దమ్ముందో లేదో మీరే తేల్చుకోవచ్చు.

ముందు నడవండి. జూన్‌లో మధ్యాహ్నం మూడింటికి రైలు స్టేషన్ నుంచి ఆ స్థలం దాకా (నీళ్ల సీసా, టోపీ మర్చిపోవద్దు, 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే 43 సెల్సియస్‌కి, తగ్గలేదు). దారిలో ఎంత మేర నీడ ఉందో చూసుకోండి. ఉత్తర దక్షిణంగా సాగే వీధిలో ఆ వేళకి పడమటి కాలిబాట మీద భవనాల నీడ పడుతుంది, తూర్పుది పెనంలా కాలుతుంటుంది. మరి చెట్లు ఏ వైపు నాటుతున్నారు? సిగ్నల్ దగ్గర, మనిషి కదలకుండా నిలబడాల్సిన చోట, నీడ ఉందా? చాలా ప్లాన్లు అక్కడే దొరికిపోతాయి.

రోడ్డుకి లేత రంగు పూత వేశాం, చల్లగా ఉంటుంది అంటారు. సగం నిజమే. ఫీనిక్స్ ఆ పూత వేసి అరిజోనా స్టేట్ యూనివర్సిటీతో కలిసి కొలిపిస్తే, మధ్యాహ్నం రోడ్డు ఉపరితలం 10 డిగ్రీల ఫారన్‌హీట్ పైనే చల్లబడింది కానీ, వెలుతురు తిరిగి మనిషి మీదే కొట్టడంతో నడిచేవాళ్లకి తగిలే వేడి సుమారు 5.5 డిగ్రీలు పెరిగింది. చెట్టుకి బదులు పూత అంటే ఒప్పుకోకండి.

తర్వాత నీళ్లు. అరిజోనాలో 1980 భూగర్భజల చట్టం పుణ్యమా అని, ఫీనిక్స్ చుట్టుపక్కల కొత్తగా ఇళ్ల ప్లాట్లు వేస్తే వందేళ్లకి సరిపడా నీళ్లు చూపించాలి. 2023లో రాష్ట్రం, ఒక్క భూగర్భజలాన్నే నమ్ముకున్న కొత్త లేఅవుట్లకి, వందేళ్ల నీళ్లున్నాయనే సర్టిఫికెట్ ఇక ఇవ్వమంది. దెబ్బ శివార్లకి పడింది, సాల్ట్ రివర్, కొలరాడో నదుల నీళ్లు వచ్చే నగరం లోపల కాదు. అందుకే ఊరి మధ్య ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలాల్లో కట్టడం నాకైతే తెలివైన పనే అనిపిస్తుంది. బొమ్మలో పచ్చగడ్డి కనిపిస్తే మాత్రం అడగండి, అది ఎవరికోసం అని. లాస్ వేగస్‌లో ఇంటి లోపల వాడిన నీళ్లు శుద్ధై, ఊరికి నీళ్లిచ్చే మీడ్ సరస్సుకే తిరిగి వెళ్తాయి, గడ్డికి పెట్టినవి ఆవిరైపోతాయి. అందుకే నెవాడా 2021లో ఊరికే అలంకారానికి పెంచే గడ్డిని తీసేయాలని చట్టం చేసింది.

కట్టేవాళ్లకి ఇచ్చే పన్ను రాయితీ ఎన్నేళ్లో కూడా ఒకసారి అడిగేయండి.

ఇక మనుషులు. స్టేడియం ఆట ఉన్న రాత్రే నిండుతుంది. ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో రోజువారీ సందడి పెరగడంలో 2006లో వచ్చిన యూనివర్సిటీ క్యాంపస్‌కీ, 2008 చివర్లో మొదలైన లైట్ రైల్‌కీ (ట్రామ్ లాంటి రైలు) పెద్ద వాటా ఉంది. కాబట్టి మామూలు మంగళవారం రాత్రి ఎనిమిదింటికి మళ్లీ ఒకసారి వెళ్లి, ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో చూడండి. ఆ ఫోటో, మూడింటికి సిగ్నల్ దగ్గర తీసిన ఫోటో, రెండూ పట్టుకుని సిటీ మీటింగ్‌కి వెళ్లండి.