చెరువు బాగు కోసం బృందం కడితే ఎదురయ్యే చిక్కులు, విరుగుళ్లు

తిరుపతి చుట్టుపక్కల చెరువు కోసమో, స్వర్ణముఖి గట్టు కోసమో నలుగురిని కూడగట్టేవారికి ఇది పనికొస్తుంది.

సమస్య: మొదటి ఆదివారం కట్ట నిండా జనం. మూడో నెలకు ఎవరూ లేరు.

కారణం జనం బద్ధకం కాదు. తిరుపతిలో శని, ఆదివారాలంటే భక్తుల రద్దీ. లాడ్జీల్లో, హోటళ్లలో పనిచేసేవారికి, ట్యాక్సీలు నడిపేవారికి ఆ రోజుల్లోనే ఊపిరాడదు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఉత్సాహంగా వస్తారు గానీ సెలవులివ్వగానే సొంతూళ్లకు వెళ్లిపోతారు. పైగా వచ్చినవారికి బ్యానర్ వెనక నిలబడి ఫోటో దిగడం తప్ప మీరు అప్పగించిన పనేమిటి?

చెరువు పక్కన ఉండేవారిని, ఆ నీటితో పొలం పారించేవారిని, పశువులను తోలుకొచ్చేవారిని ముందుగా కలవండి. వారికి వీలైన రోజునే ఖాయం చేసి, ప్రతి నెలా మార్చకుండా పాటించండి. ఉదయం 6 నుంచి 8 వరకు చాలు. సంచులు తెచ్చేదెవరు, చేతి తొడుగులు లెక్కపెట్టి తిరిగి తీసుకునేదెవరు, పేరుపేరునా అప్పగించండి. బ్యానర్ ఖర్చు తొడుగులకు మళ్లించండి. 100 మైక్రాన్లకంటే పలుచని ప్లాస్టిక్ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి ఎలాగూ నిషేధం. టీకి ప్లాస్టిక్ కప్పులూ అంతే.

సమస్య: ఏరిన చెత్త కట్ట మీదే మిగిలిపోయి, మర్నాటికి కుక్కలు చింపేశాయి.

బండి మాట్లాడుకోకుండా పని మొదలుపెట్టారు. నగరంలో వార్డు సచివాలయంతో, పల్లెలో పంచాయతీ కార్యదర్శితో ముందే మాట్లాడి, బండి వచ్చే వేళకు సంచులు సిద్ధం చేయండి. అన్నీ కలిపి కుక్కితే బండివారు తీసుకోవడానికి వెనకాడతారు. పాల కవర్లు, చిప్స్ ప్యాకెట్లు ఒకవైపు, పూలు, కుళ్లేవి ఇంకోవైపు. పగిలిన సీసా పెంకులను విడిగా మందపాటి గోనెలో వేసి, మూతికి ఎర్ర గుడ్డ కట్టండి. ఎత్తేవారి చేయి తెగదు. అనుమతి ఉన్న వేదిక కాని చోట 100 మందికి మించి చేరితే, 3 పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలపాలని ఘన వ్యర్థాల నిబంధన ఉంది.

సమస్య: "ఎవరిని అడిగి దిగారు?" అని ఆపేశారు.

ఆ స్థలం ఎవరిదో మీకు తెలియదు కాబట్టి. సర్వే నంబరు పట్టుకుని గ్రామ రెవెన్యూ అధికారిని అడిగితే అది పంచాయతీదో, జలవనరుల శాఖదో తేలుతుంది. ఆ కార్యాలయంలో అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. శేషాచలం అడవి అంచున అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు వేయవద్దు. ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసేవారికి కొడవళ్లు, గోనెలతో తెల్లవారకముందే వచ్చే గుంపు ఎలా కనిపిస్తుందో మీరే ఊహించండి.

సమస్య: నాటిన మొక్కలు ఎండిపోయాయి.

జూన్ 5న పర్యావరణ దినోత్సవమని నాటి ఉంటారు. ఇక్కడ అప్పటికి ఎండలు తగ్గవు. ఆ రోజు గుంతలు తీసి, కంచెకు ముళ్లకంప సమకూర్చుకోండి. కానుగ, వేప, నేరేడు మొక్కలను అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వాన పడ్డాక నాటండి. వేసవిలో బిందె నీళ్లు మోసే ఇల్లు దగ్గరలో లేకపోతే అక్కడ నాటకపోవడమే మేలు.

సమస్య: డబ్బు దగ్గర మాటామాటా పెరిగింది.

చందాలు వసూలు చేయనంత కాలం రిజిస్ట్రేషన్ గురించి తొందర అక్కర్లేదు. వసూలు మొదలైతే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద నమోదు చేసుకోండి. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టండి. ఖర్చుల చిట్టాను ప్రతి నెలా కట్ట మీదే అందరి ముందూ చదవండి.